పేరు చివర గారు

ఆశాజ్యోతి పెనుగొండలో ఒక మిషన్ స్కూలు కంప్యూటర్ గదిని చూసుకుంటుంది. అక్కడి కంప్యూటర్లన్నీ లినక్స్‌తో నడుస్తాయి. ప్రింటరైనా, మైక్రోస్కోపైనా, కొత్తగా ఏది తగిలించినా దాన్ని ఎవరు వాడవచ్చో ఆమే రాసిపెడుతుంది. తొమ్మిదేళ్లుగా అదే పని. కుదిరిన పని ఎవరికీ కనపడదు. అదే ఆమెకు ఇష్టం.

శనివారం మధ్యాహ్నం ఆమె మొగల్తూరులో జ్ఞానప్రకాశం మాస్టారి వరండాలో ఉంది. ఆమెకు తెలుగు చెప్పిన మాస్టారు. చూపు పోయి ఆరేళ్లు. ఆ తరువాత వేళ్లతో చదవడం నేర్చుకున్నారు. రేపు చర్చిలో వాక్యం చదవమన్నారు పాస్టరుగారు. చూపు పోయాక ఇదే మొదటిసారి.

బల్ల మీద ఆయన లాప్‌టాప్. దాని ముందు కొత్తగా తెప్పించిన బ్రెయిలీ పట్టీ. తెర మీది మాటలు దాని మీద చుక్కలై లేవాలి. లేవడం లేదు.

"వైరు ఊడిందేమో చూడమ్మా."

"వైరు బాగానే ఉందండి. లోపల మీకు పర్మిషన్ లేదు."

"నా ఇంట్లో నాకేనా?"

ఆమె అన్నిటినీ తెరిచే పాస్‌వర్డుతో తెరిచింది. చుక్కలు లేచాయి. ఆయన పేరుతో తెరవగానే పడుకున్నాయి.

"ఆ పాస్‌వర్డే నాకిచ్చెయ్యరాదూ?"

"దాంతో పొరపాటున ఒక్కటి నొక్కినా మొత్తం పోతుందండి. మీకు ఈ ఒక్క తలుపు చాలు. పోనీ రేపటికి కంప్యూటరే చదువుతుంటే, చెవిలో పెట్టుకుని విని చెప్పేస్తే..."

"వెనక బెంచీ వాళ్లు అందిస్తుంటే పద్యం అప్పజెప్పినవాళ్లని నేనేం చేసేవాణ్ని?"

"నిలబెట్టేవారండి. నన్నే."

కొబ్బరాకుల నీడలు గోడ మీద నీళ్లలా కదులుతున్నాయి.

ఆమె ఒక వరుస రాసింది: ఈ పట్టీ తగిలితే, ఈ గుంపులోని వాళ్లు వాడుకోవచ్చు. తరువాత ఆ గుంపులో ఆయన పేరు చేర్చబోయింది. అలాంటి మనిషి లేడంది కంప్యూటర్. మళ్లీ కొట్టింది. లేడంది.

"ఏమంటోంది?"

"మీరు లేరంటోందండి."

ఆయన నవ్వారు. "నువ్వు రాసింది చదివించు, వింటాను."

మీట నొక్కింది. యంత్రం గొంతు నిదానంగా చదివింది: జ్ఞానప్రకాశంగారు.

"ఆ గారు ఎక్కడిదమ్మా? ఇందులో పేరు రాసుకున్నది నేను. నాకు నేనే గారు తగిలించుకుంటానా?"

ఆశాజ్యోతి తెర వైపు చూసింది. ఉత్తరంలో, శుభలేఖలో, ఎక్కడా ఆ పేరు ఒంటరిగా రాసి ఎరుగదు. వేలు మీట మీద ఆగింది. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పోయాయి. మిగిలిన పేరు, గట్టు అవతల నుంచి ఎవరో పిలుస్తున్నట్టుంది.

"ఏమీ అనుకోకండి."

"ఎవరితో, నాతోనా దాంతోనా?"

ఈసారి కంప్యూటర్ ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే.

"ఒకసారి బయటికెళ్లి మళ్లీ లోపలికి రావాలండి."

మాస్టారు లేచి చెప్పుల కోసం కాలితో తడిమారు.

"మీరు కాదండి! కంప్యూటర్లోంచి."

ఆయన కూర్చుని, తన పాస్‌వర్డు తానే కొట్టుకున్నారు. వేళ్లు పట్టీ మీద ఆనించారు. వాటి కింద ఏదో మొలిచింది. ఆమెకు అవి చుక్కలే. ఆయన ముఖం మాత్రం, దూరంగా వస్తున్న మనిషిని పోల్చుకుంటున్నట్టు మారింది.

రేపటి వాక్యం పైకి చదవసాగారు. మూడో వరుసలో ఒక మాట దగ్గర వేలు తడబడింది.

"రేపు ఇక్కడ ఆగకూడదు," అని, మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.