పడవలో తుపాకి, జెడ్డాలో కడపోడు

జెడ్డాకు వచ్చిన కొత్తలో నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నవ్వే ఓపికెక్కడిది! ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు, కఫీల్‌కు (అంటే వీసా ఇచ్చిన యజమానికి) నచ్చకపోతే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడని గదిలో ప్రతివాడూ భయపెట్టేవాడే. మా అమ్మేమో ఊళ్ళో కక్షలు మళ్ళీ రాజుకుంటున్నాయని, పెదనాన్న కొడుకు వెంట తిరిగితే నేనూ ఏదో కేసులో ఇరుక్కుంటానని హడలిపోయి, పట్టుబట్టి నన్ను సముద్రం దాటించింది. వెనక్కి వెళ్తే మళ్ళీ ఆ అన్న పక్కనే నిలబడాలి. ఎలాగైనా ఈ ఉద్యోగం నిలబెట్టుకోవాలన్న ఆత్రంలో అన్నం కూడా సగం నిలబడే తినేవాణ్ణి.

సొంత పడవల్లో దేశాలు తిరిగేవాళ్ళు వచ్చి ఆగే రేవులో నా పని. వాళ్ళకు కావలసిన నీళ్ళు, డీజిల్, కూరగాయలు, అనుమతులు అన్నీ మా ఏజెంటు ఆఫీసే చూసేది. నా పైన సూపర్‌వైజరు ఒక కాకినాడాయన, అందరూ బాబాయ్ అనేవాళ్ళు. మంచి మనిషే, కాకపోతే కడప వాళ్ళంతా ఉయ్యాలలోనే తుపాకి పడతారని ఆయనకు గట్టి నమ్మకం. (సినిమాలు మరీ ఎక్కువ చూశాడు.) నేను తుపాకిని దగ్గర నుంచి చూసింది మా ఊరి బ్యాంకు కాపలా తాత భుజం మీద మాత్రమే. ఆ మాటే చెబితే "చూశారా, కడపోళ్ళు ఎంత గుంభనంగా ఉంటారో!" అని ఇంకా మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం తెల్లగడ్డం కెప్టెను, ఆయన భార్య తెరచాప పడవలో వచ్చారు. దక్షిణంగా పోయేకొద్దీ సముద్రపు దొంగల భయమని ఆయన జోడు గొట్టాల తుపాకి ఒకటి పెట్టుకున్నాడు. రేవులో ఉన్నన్నాళ్ళూ దాన్ని కోస్ట్‌గార్డుకు అప్పగించాలి, వెళ్ళేటప్పుడు తీసుకోవాలి. నమాజు కాగానే ఆఫీసరు వస్తున్నాడు. కెప్టెనేమో "తుపాకి తెలిసినవాడి చేతికే ఇస్తాను, తెలియనివాడు పేల్చుకుంటే నా మీదికొస్తుంది" అని మొండికేశాడు.

"ఆయ్, అదెంత పనండీ! ఏరా అబ్బాయ్, ఇలా రా," అని బాబాయ్ నా చేయి పట్టుకుని లాగాడు.

"బాబాయ్, నాకు రాదు సామీ, నీకు దండం పెడతా."

"ఊరుకోరా, సిగ్గేంటి? తేడా వస్తే కఫీల్‌కి నేనేం చెప్పుకోవాలి?"

యజమాని మాట ఎత్తగానే రెండు చేతులూ చాపాను. కెప్టెను తుపాకి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. మా ఇంట్లో ఏ పనిముట్టు చేతికొచ్చినా, పారైనా పలుగైనా, ముందు కళ్ళకద్దుకోవాలి. భయంలో బుద్ధి పనిచేయలేదు గానీ అలవాటు పనిచేసింది. తుపాకిని భక్తిగా కళ్ళకద్దుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆఫీసరు పడవ మీద కాలు పెట్టాడు.

కెప్టెను ముచ్చటపడిపోయాడు. ఆఫీసరు నన్ను ఎగాదిగా చూశాడు. బాబాయ్ ఊరుకోవచ్చు గదా! "సార్, ఇస్కా గావ్ మే సబ్ బందూక్‌వాలా!" అని మా ఊరివాళ్ళందరికీ ఒక్క మాటతో తుపాకులు పంచిపెట్టాడు. ఆఫీసరు మొహంలో నవ్వు పోయింది. "ఇకామా," అని చేయి చాపి, నేను ఈ దేశంలో ఉండటానికి ఉన్న ఆ ఒక్క కార్డూ తీసేసుకున్నాడు. అయ్యో అమ్మా, తుపాకులకు దూరంగా ఉండమని ఇంతదూరం పంపితే చివరికి తుపాకితోనే దొరికిపోయానే అని నాకు ఏడుపొచ్చింది.

తుపాకి తెరిచి తూటాలు తియ్యమని ఆఫీసరు సైగ చేశాడు. నేను దాన్ని అటు తిప్పాను, ఇటు తిప్పాను, అగ్గిపెట్టె తెరిచినట్టు తోశాను. గొట్టాలు బాబాయ్ వైపు తిరిగాయి.

"ఒరేయ్ ఒరేయ్, అటు తిప్పరా బాబూ! పిల్లలుగలవాణ్ణి!" అంటూ ఆయన ఐసుపెట్టె వెనక్కి దూరాడు.

"నాకు రాదు సార్, అమ్మతోడు! పుట్టి ఇంతవరకూ పట్టలేదు!" అని తెలుగులోనే భోరుమన్నాను.

లోపల వంట చేస్తున్న కెప్టెను భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలోంచి తుపాకి తీసుకుని టక్కున మడిచి చూపించింది. గొట్టాలు రెండూ ఖాళీ. "తూటాలు నేనెప్పుడో సముద్రంలో పడేశాను. ఊగే పడవలో ఈయన తుపాకి పేల్చడం కంటే ఆ దొంగలే నయం," అంది. కెప్టెను మొహం చూడాలి! అన్నాళ్ళూ ఆ ఖాళీ తుపాకిని తలకింద పెట్టుకునే పడుకున్నాడట పాపం.

ఆఫీసరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నా ఇకామా నా జేబులో తనే పెట్టి, వచ్చీరాని హిందీలో బాబాయ్‌తో, ఇకనుంచి తుపాకులున్న పడవలకు వీణ్ణే పంపు, భయమున్నవాడు తప్పు చేయడు అన్నాడు. అలా నా ఉద్యోగం ఖాయమైంది. "కడప పరువంతా ఎర్ర సముద్రంలో కలిపేశావు కదరా," అని బాబాయ్ మాత్రం చాలాకాలం బాధపడ్డాడు.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఆడ గొడవలేం ల్యావు గదా నాయనా? తుపాకులూ అవీ?"

"యాడివి మా! ఉత్త పడవలే," అన్నాను, రెండో చేత్తో జేబులో ఇకామా తడుముకుంటూ.

ఇప్పటికీ అలాంటి పడవ వస్తే నన్నే పంపుతారు. ఎక్కేముందు చేయి దానంతటదే జేబు తడుముకుంటుంది. తుపాకి పట్టుకుని భోరుమన్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ధైర్యం నేర్చుకోరా అని వాడికి చెప్పాలనిపించదు. ఇన్నేళ్ళుగా మా అమ్మకు డబ్బు పంపుతున్నది వాడి భయమే.