మా వీధి జెండా వంతు

గద్వాలలో మా నేతగాళ్ల వీధికి ఒక ఆచారం ఉంది. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేయడానికి ఏ నాయకుడినీ పిలవం. ఏడాదికొక ఇంటి వంతు. ఆ ఇంటి పెద్దే జెండాలో పూలు పెట్టి ముడేస్తారు, వాళ్లే తాడు లాగుతారు. వనపర్తి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, ఇంత చిన్న తాడుకు ఇంత రాజకీయమా అని నవ్వుకునేదాన్ని. మా అత్త మాత్రం ఆ వంతు కోసం ఏళ్లుగా కాచుకుని కూర్చుంది.

తీరా ఆమె వంతు వచ్చేసరికి వీధికి దేశభక్తి తగ్గిపోయింది. అంతకుముందే పలచబడుతోందనుకోండి. ఒకప్పుడు గుమ్మం గుమ్మానికీ కాగితపు జెండాలు కట్టేవారు. తర్వాత ఫోన్లో జెండా బొమ్మ పెట్టి పనైపోయిందనిపించారు. ఈసారి అదీ లేదు. నీళ్ల పైపులు వేస్తామని సర్కారోళ్లు వీధి పొడుగునా తవ్వి వదిలేశారు. ఎండాకాలమంతా దుమ్ము తిన్నాం, వానలు పడ్డాక బురద తొక్కాం, పైపు మాత్రం రాలేదు. అడగబోతే ఇవాళ, రేపు అన్నారు.

చివరికి ఎదురింటి దర్జీ చాచా వీధినంతా కూర్చోబెట్టి తేల్చేశాడు.

"గుంత పూడ్చేదాంక జెండా లేదు, గిండా లేదు. ఎవ్వరు బయటికి రావద్దు. తలుపులు పెట్టుకొని కూసుందం. వాళ్లకు జర సిగ్గు రావాలె."

అందరూ సరేనన్నారు. నేనూ అన్నాను, నాకూ ఒళ్లు మండుతోంది మరి. అత్త ఒక్కతే కొంగు దులుపుకుని లేచింది. ఇంటికొచ్చాక నన్ను పట్టుకుంది.

"గుంత తవ్వింది సర్కారు. మధ్యల నా వంతు ఎందుకు పోవాలె?"

"వచ్చే ఏడు తీసుకుందువులే అత్తా."

"వచ్చే ఏడు పక్కింటామెది. ఉప్పు అడిగితేనే ఇయ్యదు, వంతు ఇస్తదా? మళ్ల మనదాంక వచ్చేసరికి నేనుంటనో లేదో."

పంద్రాగస్టు ముందురోజు బజారుకెళ్లి బంతిపూలు తెచ్చాను.

పంద్రాగస్టు పొద్దున అత్త తాను నేసిన చీర కట్టుకుని, గుంత మీద వేసిన చెక్క దాటి జెండా కర్ర దగ్గరికి పోయింది. పూల పళ్లెం పట్టుకుని నేనూ వెనకే నడిచాను. తలుపులన్నీ మూసే ఉన్నాయి. కిటికీలు మాత్రం ఎందుకో వేలెడంత తెరుచుకున్నాయి.

అత్త జెండాకు ముడేసి పైకి ఎక్కించి తాడు లాగింది. విప్పుకోలేదు. మళ్లీ లాగింది. ఊహూ, లాగేకొద్దీ బిగుసుకుంది. అప్పుడు నాకు వెలిగింది. జన్మంతా మగ్గం మీద తెగిన పోగులు కలిపిన చేతులవి. ఊడకూడని ముడి తప్ప ఆ వేళ్లకు మరొకటి రాదు. జెండా పైన మూటలా వేలాడుతోంది. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముందు పక్కింటామె కిటికీ మాట్లాడింది.

"గట్ల గాదు వదినా, జర సైడుకు గుంజు."

"గట్టిగ గుంజితే తాడు తెగుతది, కిందికి దించుండ్రి," అంటూ ఒక తలుపు తెరుచుకుంది. ఎదుటివాళ్లు తప్పు చేస్తుంటే సలహా చెప్పకుండా ఊరుకోవడం మా వీధికి చేతకాదు. కాసేపట్లో బహిష్కరణ మొత్తం జెండా కర్ర కిందికి వచ్చి నిలబడింది. ఆఖరున చాచా, మెడలో టేపుతో సహా వచ్చాడు.

"నేను జెండాకు రాలె. ముడికి వచ్చిన," అన్నాడు ముఖం ముడుచుకుని.

జెండాను చేతుల్లోకి దించుకుని, సూదితో ఓపిగ్గా ముడి విప్పాడు. పూలు సర్ది, లాగితే ఊడే ముడి వేసి పైకి ఎక్కించాడు. తాడు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. చేతిలో ఉంది కదా అని తనే లాగేస్తాడేమోనని పళ్లెంతోనే ఒకడుగు ముందుకేశాను.

చాచా తాడు తెచ్చి అత్త చేతిలో పెట్టాడు.

"వంతు నీది అక్కా. గుంజు."

బంతి రేకలు మా అందరి నెత్తిన పడ్డాయి. జనగణమన చాచాయే అందరికంటే గట్టిగా పాడాడు. పాట అయిపోయాక అందరికీ కోపం మళ్లీ గుర్తొచ్చింది.

మర్నాడు గుంత సంగతి తేల్చుకోవడానికి వీధి వీధంతా మున్సిపాలిటీ ఆఫీసుకు బయల్దేరింది. అందరికంటే ముందు అత్త, అదే చీరలో, అంచు నిండా బురదతో.

"చీర మార్చుకోవా అత్తా?"

"ఎందుకు? బురద వాళ్లదే గద. చూడనియ్యి."