ఎండుచేపలామె తెచ్చిన పీతలు

నేను కాపురానికొచ్చిన కొత్తలో, జొన్న కల్లాలయ్యే వేళకు ఏటా ఒకామె నడికుడి స్టేషన్లో దిగి, ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని మా ఊరికి నడిచొచ్చేది. బందరు దగ్గర సముద్రం ఒడ్డున ఆమె ఊరు. మెత్తళ్ళో రొయ్యలో కొలిచి పోసి, బదులు జొన్నలు కొలిపించుకునేది. భర్త పోయిన మనిషి. వానలు పడేదాకా ఆ గింజలే పిల్లలకు తిండి. అయినా ఎవరి ముందూ చెయ్యి చాచేది కాదు. మా అత్తగారంతటి గయ్యాళితో కొలత దగ్గర పోట్లాడి నెగ్గేది. అందుకే కాబోలు, ఇద్దరికీ అంత స్నేహం!

యుద్ధం నడుస్తున్న ఒక ఏడు తట్టలో మెత్తళ్ళు లేవు. ఉడకబెట్టి ఎండేసిన పీతలున్నాయి. మా వాగులో ఎండ్రకాయల్లా లేవు. ఒళ్ళంతా ముళ్ళు, కాళ్ళకు నూగు.

"ఇవేందక్కా, ఇట్టున్నయ్?" అన్నాను.

"మా తాతలు కూడా ఎరగరమ్మాయ్. పెద్ద ఓడలు తిరగబట్టినాక వచ్చినయ్. వాటి అడుగున పట్టుకుని ఏ దేశాన్నించో వచ్చినయ్యంటున్నారు రేవులో. వల ఏస్తే ఇయ్యే. వలలు తెగ్గొడతన్నయ్. మెత్తళ్ళ జాడే లేదు."

తేలు కుట్టి మనుషులు పోయిన మెట్ట ఊరు మాది. ఆ ముళ్ళూ డెక్కలూ జనానికి తేళ్ళలాగే కనిపించాయి. "తేళ్ళ తల్లిని ఇంట్లోకి తెమ్మంటావా?" అని ఇంటింటా గుమ్మంలోనే ఆపేశారు. సాయంత్రానికి నిండు తట్టతో మా అరుగు మీద కూలబడింది.

ఊరికే ఇస్తే పుచ్చుకోదని అత్తగారికి తెలుసు. "ఏమే, కుంచం పట్రా. చానా బాగున్నయ్ వదినా, అన్నీ మాకే పొయ్యి. రేపు పులుసు పెడతా," అంది. ఏటా ఊరంతా తిరిగితే వచ్చేటన్ని జొన్నలు ఒక్కతే కొలిచి మూట కట్టించింది. ఆ రాత్రి ఆమె మా అరుగు మీదే పడుకుంది.

తెల్లారి ఆమె బావి దగ్గరికి పోయిందనుకుని, అత్తగారు పీతల్ని పెరట్లో పెంటకుప్ప మీద గుమ్మరించింది. "పిల్లల నోట పడతయ్, పైన బూడిద చల్లవే," అంది నాతో. చల్లుతూ తలెత్తితే, దొడ్డివాకిట్లో చెంబు పట్టుకుని ఆమె నిలబడి ఉంది.

"నా పిల్లలు తినేయి ఇయ్యే వదినా," అంది. గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేది.

మూట విప్పి జొన్నలన్నీ అరుగు మీద పోసింది. "నా బుద్ధి కాలిపోను, ఆగవే తల్లీ!" అంటూ అత్తగారు వీధిలోకి పరుగెత్తింది. ఆమె ఆగలేదు. గింజలు గోతంలోకెత్తి, మా ఆయన బండి కట్టుకుని స్టేషన్‌కు పోయాడు. ఎంత బతిమాలినా ఆమె ఖాళీ తట్టతోనే రైలెక్కింది.

వెనక్కొచ్చిన గోతాన్ని అత్తగారు ఎవర్నీ ముట్టనివ్వలేదు. మరుసటేడు కల్లాలయ్యాయి. ఆమె రాలేదు. జొన్నలు పురుగు పట్టిపోయాయి.