తండ్రి చూడకూడని రోజులు

మా అమ్మాయి పెద్దమనిషి అయిందని పెరట్లో నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేశారు. వీధంతా పంచారు. పిల్లని మూలగదిలో తాటాకుల చాప మీద కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. స్నానం పోసేదాకా తండ్రి దాని ముఖం చూడకూడదట. గరివిడిలో కొట్టు కట్టేసి వచ్చి, నేను వీధరుగు మీదే అన్నం తిన్నాను.

నాకు పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు. పన్ను పీకించుకుంటే దిండు తడిసిపోతుంది. ఆసుపత్రిలో ఫ్యాక్టర్ ఇంజెక్షన్ పడితేగాని ఆగదు. మా అమ్మ తండ్రికీ ఇదే ఉండేది. నాకు పిల్లనెవరిస్తారని అందరూ దిగులుపడుతుంటే, మా అక్క తన కూతుర్నే ఇచ్చింది.

"బయటి పిల్ల నీ రోగం భరిస్తాదేటి? మన పిల్లయితే కడుపులో పెట్టుకుంటాది" అంది.

తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ అదే రక్తం వస్తే ఆడపిల్లకీ ఈ జబ్బు రావచ్చని మాలో ఎవడికి తెలిసి చచ్చింది! ఇది మగాళ్ళ జబ్బు, అంతే. చిన్నప్పుడు దాని ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడితే, గెంతులేసే పిల్ల కదా, ఎక్కడో తగిలించుకుందిలే అనుకున్నాం.

రోజులు గడిచినా రక్తం ఆగలేదు. "మావా, ఆగట్లేదు. లేచి కూకోలేకపోతంది" అని నా భార్య అరుగు మీదికొచ్చి ఏడ్చింది. నేను లేచాను. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మొదటిసారి అలాగే పోతాది. ఆడోళ్ళ సంగతి నీకేటి తెల్సురా? ఇంకాస్త చిమ్మిలి పెడితే అదే కుదురుకుంటాది. తండ్రి సూస్తే నీకే కీడు, నా మాటిను."

అక్క నన్ను ఎత్తుకుని పెంచింది. ఆమె మాట నేనెప్పుడూ దాటలేదు. మళ్ళీ కూలబడ్డాను.

కాసేపటికి చాప మార్చడానికి నా భార్య పాతది బయటికి తెచ్చింది. అది చూశాను. ఈ రక్తం నాకు తెలుసు. "కీడూ లేదు, నా బొందా లేదు, తప్పుకో!" అని అక్కని తోసేసి లోపలికి పోయాను. పిల్ల ముఖం సున్నం కొట్టినట్టుంది. నన్ను చూసి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆటోలో విజయనగరం తీసుకెళ్ళాను. దాని తల నా ఒళ్ళోనే ఉంది. దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్న పిల్ల, విజయనగరం పొలిమేరలో తెరిచింది.

"నాన్నా, నన్ను సూసేసావు. నీకేటైనా అయిపోతాదేటి?"

"నాకేటీ అవదమ్మా" అన్నాను.

ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేసేసరికే ఆలస్యమైపోయింది. పిల్ల దక్కలేదు. అక్కని తిట్టలేను, తిట్టకుండా ఉండనూ లేను.

నాకు మాత్రం ఏమీ కాలేదు.