ఇంద్రాణి గారి బ్యాక్‌హ్యాండ్, భీమవరం భోజనం

టీవీలో చూసుకోవచ్చు కదా అన్నారు మా ఆయన. ఏ టీవీలో వస్తుందో చూపించమన్నాను. ఆయన రిమోటు తీసుకుని కాసేపు వెతికి, బల్ల మీద పెట్టేశారు. యాభై దాటినవాళ్ళ ఆలిండియా టెన్నిస్ పోటీలు ఏ టీవీలోనూ రావు. భీమవరంలో ఒక క్లబ్బులో జరుగుతున్నాయి. మండపేట నుంచి వెళ్ళి చూసుకోవాల్సిందే. నేను వెళ్ళాను. ఇంకెవరైనా వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

వెళ్ళడానికి కారణం ఇంద్రాణి గారు. కలకత్తా మనిషి. నేను రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో ఆవిడ దేశం మొత్తానికి ఛాంపియన్. ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ కొట్టేది. పేపర్లో ఆవిడ ఫోటో ఎప్పుడు పడ్డా ఆ దెబ్బే. చెయ్యి బారుగా చాచి, బంతి ఎటు పోయిందో చూసుకోవాల్సిన అవసరమే లేనట్టు నిలబడేది. ఆ దెబ్బ కొడుతుండగా ఒక్కసారి కళ్ళారా చూడాలని అప్పటి నుంచీ కోరిక. ఇప్పుడావిడకి అరవై దగ్గర పడుతోంది. ఆడవాళ్ళ ఫైనల్‌కి వచ్చిందనీ, ఆట మధ్యాహ్నం మూడింటికనీ క్లబ్బువాళ్ళు ఫోన్లో చెప్పారు. ఇంకా ఆగితే నాదే బుద్ధితక్కువ.

పొద్దున్న ఆరున్నరకి రావులపాలెం బస్సెక్కాను. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపించగానే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. పక్కన నిలబడ్డ పెద్దాయన నా సున్నా వంక చూసి నిట్టూర్చాడు.

"ఊరికే వస్తోందని ఊళ్ళు తిరుగుతున్నారండి ఆడాళ్ళు. తమరెక్కడికండి?"

"టెన్నిస్ చూడ్డానికండి."

"ఆడేది మీ అబ్బాయా?"

"కాదండి. నాకంటే పెద్దావిడ."

ఆయన గోదావరి వంతెన దాటేదాకా ఆలోచించాడు. "చుట్టాలా అండి?"

"మీరు సినిమాకెళ్తే అందులో హీరో మీకు చుట్టమా అండి?"

రావులపాలెంలో అరటి గెలలు ఎక్కిస్తున్న లారీల మధ్య నుంచి నడిచి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ మెత్తగానే ఉంది, చట్నీ నీళ్ళు. అక్కడి నుంచి పాలకొల్లు, పాలకొల్లులో బస్సు మారి భీమవరం. పది దాటాక క్లబ్బు ముందు ఆటో దిగాను. ప్రవేశం ఉచితం. పడమటి వైపు కుర్చీలు పట్టుకోండి, మధ్యాహ్నం నీడ అటే పడుతుంది.

క్లబ్బులో రెండు కోర్టులు. వాటిలో పెద్దదాని వెనక ఆకుపచ్చ గుడ్డతో తెర కట్టారు. తెరకి అటు పక్క గాడిపొయ్యిల మీద వంట. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన కోర్టులో ఆయాసపడుతున్నాడు. పొద్దున్నే నెయ్యి వేసిన పెసరట్టు ఉప్మా ఎన్ని తినిపించారో గాని, సర్వీసు చేసి ముందుకు పరిగెత్తాల్సినవాడు నడిచి వెళ్తున్నాడు. నా పక్క కుర్చీలో క్లబ్బు సెక్రటరీ గారు కూర్చున్నారు.

"బయటివాళ్ళు మా ఊళ్ళో పరగడుపున ఎవరినైనా ఓడిస్తారండి," అన్నారాయన. "తిన్నాక మటుకు పాపం లేవలేరు."

"అయితే కావాలనే పెడుతున్నారన్నమాట."

"భలేవారండి. పిలిచి పెట్టకుండా ఉంటామా?"

భోజనాలు పన్నెండున్నరకి. అంటే నేను మూడు బస్సులు మారి వచ్చింది ఇంద్రాణి గారు నడుచుకుంటూ బంతి కొట్టడం చూడ్డానికా? వెంటనే లేచి వెతికాను. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. నాకొచ్చిన హిందీలో గట్టిగా చెప్పాను. మూడింటికి ఆట ఉంది కాబట్టి ఏమీ తినకూడదు, పెరుగన్నం రెండు ముద్దలు చాలు, ఎవరు బతిమాలినా లొంగొద్దు అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఒక్క చేప ముక్క కూడానా?" అంది. ఒక్కటి కూడా వద్దన్నాను. చిన్నపిల్లలా తలూపింది.

ఫైనల్లో ఆవిడ మీద ఆడబోయేది భీమవరం ఆవిడే, సత్యవతి గారు. చేపల చెరువులున్న కుటుంబం. వడ్డన పెత్తనం కూడా ఆవిడదే. ఆట బట్టల మీదే రొయ్యల వేపుడు గిన్నె పట్టుకుని భోజనాల వరసల మధ్య తిరుగుతోంది. ఇంద్రాణి గారు వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వేయబోయింది. నేను గిన్నె పట్టుకున్నాను.

"ఆవిడకి వద్దండి."

"ఒక్క గరిటండి. మొహమాటపడుతున్నారు."

"మొహమాటం కాదండి. ఇప్పుడు మేపి మూడింటికి ఓడిద్దామనా?"

సత్యవతి గారు గిన్నె కింద పెట్టింది. "మీరెవరండి అసలు?"

"ఆవిడ అభిమానిని."

"అభిమానులు అన్నం పెట్టొద్దంటారా? మా వరసలో కూర్చున్న మనిషి పెరుగన్నంతో లేచిందంటే రేపు ఊళ్ళో ఏమనుకుంటారండి?" అని, పక్క ఆకు ముందు కూర్చుని తను మాత్రం అన్నీ వేయించుకుంది. చేపల పులుసు రెండోసారి అడిగి మరీ తింది. నాకు లోలోపల సంతోషమేసింది. అందరితో పాటు నేనూ సుష్టుగా తిన్నాను. ఆడాల్సింది నేను కాదు కదా.

మూడింటికి మొదలైంది. మొదటి సెట్లో ఇంద్రాణి గారి ముందు సత్యవతి గారు నిలవలేదు. నేను చూడాలనుకున్న దెబ్బ రెండో గేములోనే వచ్చింది. ఎడమ పక్కకి పోతున్న బంతి కోసం ఆవిడ తొందరపడలేదు. భుజం తిప్పింది, చెయ్యి విప్పింది. బంతి గీత మీద పడి తెరకి తగిలింది. చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయి సెక్రటరీ గారి మోచెయ్యి పట్టుకున్నాను.

రెండో సెట్లో తెర వెనక రాత్రి భోజనాలకి పోపు పెట్టారు. అక్కడి నుంచి ఇంద్రాణి గారి ఆట మారిపోయింది. బంతికీ బంతికీ మధ్య తెర వైపు చూసేది. కాళ్ళు కదలడం లేదు. సత్యవతి గారు మటుకు ఇంటి పెరట్లో తిరుగుతున్నట్టు అన్ని మూలలకీ వెళ్ళి బంతి వెనక్కి పంపుతోంది. సెట్టు పోయింది. ఇలాంటి పోటీల్లో మూడో సెట్టుకి బదులు పది పాయింట్ల టైబ్రేక్ పెడతారు. దాన్లో ఎనిమిది దాకా లాక్కొచ్చి ఇంద్రాణి గారు ఓడిపోయింది.

బెంచీ దగ్గరికి వెళ్ళి, మొదటి సెట్టు అద్భుతంగా ఆడారన్నాను.

"ఆకలేస్తోంది డాక్టర్," అంది.

"నేను డాక్టర్ని కాదండి."

"టోర్నమెంటు డాక్టరువి కాదా? మరి అంత గట్టిగా చెప్పావు?"

"మీ అభిమానిని."

ఆవిడ రాకెట్టు సంచీలో పెట్టేసింది. "ఆడినన్నాళ్ళూ కోచ్‌లు నన్ను ఏదీ తిననివ్వలేదు. ఈ వయసులో ఊరూరా తిరుగుతున్నది కప్పుల కోసమనుకున్నావా? భీమవరం అనగానే అందరికంటే ముందు పేరిచ్చాను. సర్వీసుకి బంతి ఎగరేసి తల పైకెత్తితే ముక్కుకి పులుసే తగిలింది."

ఈలోగా సత్యవతి గారు కప్పు చంకలో పెట్టుకుని వచ్చింది. దెప్పుతుందనుకున్నాను. "పదండి, మా ఇంటికెళ్దాం. వేడిగా వండిస్తాను," అని ఇంద్రాణి గారి సంచీ భుజానికెత్తుకుంది. నా వైపు తిరిగి, "మీరూ రండి," అంది.

"నాకు బస్సుందండి," అన్నాను. బస్సు లేకపోయినా అదే అనేదాన్ని. వెళ్తూ వెళ్తూ ఇంద్రాణి గారు నా ఫోన్ నంబరు అడిగి తీసుకుంది, ఎందుకో చెప్పలేదు.

పాలకొల్లులో రావులపాలెం బస్సు ఎక్కేసరికి చీకటి పడింది. కూర్చోవడానికి సీటు దొరికింది. కాసేపటికి ఫోన్లో ఫోటో వచ్చింది. నిండా వడ్డించిన అరిటాకు, కింద "మూడోసారి" అని ఒక్క మాట. పక్క సీటావిడ తొంగి చూసింది.

"ఎవరి పెళ్ళండి?"

"పెళ్ళి కాదండి. టెన్నిస్ పోటీ."

"గెలిచినావిడకా ఇంత భోజనం?"

"ఓడినావిడకండి."

"మరి గెలిచినావిడకేం పెట్టారండి?"

"ఆవిడే వడ్డిస్తోందండి."

పక్కావిడకి ఇందులో వింతేమీ కనపడలేదు. "అంతే కదండీ మరి," అని కిటికీ వేసుకుని పడుకుంది. నాకు మటుకు ఆ ఫోటో చూస్తుంటే మళ్ళీ ఆకలేసింది.