ఆవులింత వచ్చేదాక

నువ్వుల నూనె గోరువెచ్చగా కాగినప్పుడు వచ్చే వాసనకు అందరికీ తలంటు గుర్తొస్తుందేమో. నాకు మాత్రం దవడలు బిగుసుకుంటాయి. ఇవాళ పొద్దున నా ముందు చాప మీద కూర్చున్న పిల్ల, నేను నూనె వెచ్చబెట్టేలోగా ఫోన్ తీసి చూపించింది. "అత్తా, గీమె గూడ నీ లెక్కనే చేస్తాంది చూడు" అంది. చూడకుండానే ఆ గొంతు గుర్తుపట్టాను, ఒకప్పుడు నేను పనిచేసిన పార్లర్ మేడంది. మందులు, సూదులు లేకుండా, మెత్తని స్పర్శతో, వేలి ఒత్తిడితో ముఖానికి కళ తెచ్చే పద్ధతిని తానే కనిపెట్టానని చెబుతోంది. నూనె గిన్నె దించి పక్కన పెట్టాను. కనిపెట్టిందట! పన్నెండేళ్ల క్రితమే నా ముఖం మీద ఆ పద్ధతి నడిచింది. ఆ చేతులు ఈమెవి కావు. మా వాడలో గొర్లు కాసిన బీరవ్వవి. మీరు ఆమెను చూడలేదు కాబట్టి చెబుతాను.

తెలంగాణ వచ్చిన ఏడే నేను కల్వకుర్తి దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. చదివింది ఐదో తరగతి. తొలి ఏడాదే పత్తి ఏరబోయి, ఎండకు కళ్లు చికిలించీ చికిలించీ నొసట రెండు గీతలు పడ్డాయి. "ఎప్పుడు జూసినా మొఖం మాడ్చుకొనే ఉంటది" అని మా అత్త వాడంతా చెప్పేది. ఎదురింటి అరుగు మీద గొంగడి వేసుకుని కూర్చునే బీరవ్వ ఒకరోజు నన్ను కేకేసింది. "ఓ పిల్లా, గిటు రా. నీ మొఖం మీద ఎవలో మూట వెట్టి మర్శిపోయిన్రు." నవ్వుతూనే వెళ్లాను. నా తల తన ఒళ్లో పెట్టుకుంది. తాళ్లు గుంజీ, తుమ్మకంప కొట్టీ ఆమె అరచేతులు గరుకుబారి ఉండేవి. అందుకే ముఖానికి అరచేయి ఎప్పుడూ తగలనిచ్చేది కాదు. వేళ్ల వెనక భాగానికి నూనె రాసుకుని, గడ్డం నుంచి చెవి దాకా, కనుబొమల నుంచి కణత దాకా నిమిరింది. ఎప్పుడూ పైకే, ఒక్కసారి కూడా కిందికి కాదు. ఎందుకని అడిగితే, "కిందికి గుంజనీకి ఎండ ఉన్నది, నీ అత్త ఉన్నది. నేను గూడ ఎందుకే?" అంది.

ఎంతసేపు నిమిరినా ఒత్తడం లేదు. "ఒత్తవా అవ్వా?" అన్నాను. "జర ఆగు. ఆవులింత రానీ." ఆ విద్య ఆమెకు గొర్రెల దగ్గర వచ్చింది. తొలిచూరు గొర్రె ఒక్కోసారి తన పిల్లనే తన్ని తరిమేస్తుంది. అప్పుడు బీరవ్వ దాని పక్కన కూలబడి నొసలు, చెవుల కింద, దవడలు నిమురుతూ ఉండేది. గొర్రె దవడ వదులై నెమరు మొదలుపెట్టిందంటే ఇక పిల్లను దగ్గరికి రానిస్తుంది. "దానికి నెమరు, మనిషికి ఆవులింత. అది రాకముందు ఒత్తితే చర్మం ఎదురు తిరుగుతది" అనేది. నాకు ఆవులింత వచ్చాక, కనుబొమల చివర, ముక్కు పక్కల, చెంప ఎముక కింద, దవడ కీలు దగ్గర వేలి కొసతో ఒత్తింది. పండిందా లేదా అని సీతాఫలం పట్టి చూస్తామే, అంతే ఒత్తు. చివరికి ఆమె కూడా నోరారా ఆవులించింది. ఇద్దరికీ వస్తే పని అయినట్టు. "వయసు తగ్గుతదా అవ్వా?" అని అడిగాను. "వయసు యాడికి పోతది? మొఖం మీది బరువు దిగుతది. నీ మొఖం నీకు మళ్ల దొరుకుతది" అంది. ఆ సాయంత్రం అద్దంలో చూసుకుంటే, గీతలు గీతల్లాగే ఉన్నాయి కానీ వాటి మధ్యన నేను కనిపించాను.

మా ఊళ్లో పెండ్లిపిల్లకు నలుగు పెట్టేముందు బీరవ్వ వచ్చి ముఖం నిమరాల్సిందే. ఆమెకు పిల్లలు లేరు. భర్త ఏడాదిలో ఎక్కువ రోజులు మందతోనే తిరిగేవాడు. చీర, పసుపు ఏమిచ్చినా తీసుకునేది, ఏమీ ఇవ్వకున్నా అడిగేది కాదు. పెండ్లిపిల్ల చాప మీద తనకొక జాగా ఉండటమే ఆమెకు కావాల్సింది. ఆమె గౌరవమంతా ఆ చాప మీదే ఉండేది. దాన్ని పోగొట్టింది ఒకరు కాదు, ఇద్దరం. అందులో రెండోదాన్ని నేనే.

కల్వకుర్తిలో ఒక బ్యూటీ పార్లర్‌లో ఊడ్చి, తువ్వాళ్లు ఉతికే పనికి కుదిరాను. గొప్పకు పోయి మేడంకు బీరవ్వ సంగతి చెప్పింది నేనే. "ఒకసారి తీసుకురా" అంది. బీరవ్వ పెట్టెలోని చీర కట్టుకుని వచ్చింది. "కుర్చీలో కూర్చోబెట్టకు, గొర్రెల వాసన పట్టుకుంటుంది. ఆ చేతులకు గ్లౌజులు ఇవ్వు" అంది మేడం, ఆమె ఎదురుగానే. బీరవ్వ గ్లౌజులు అటూ ఇటూ తిప్పి చూసి, "గివి ఏస్కుంటే నా ఏళ్లకు కండ్లు మూసినట్టే బిడ్డా" అని నాకే తిరిగి ఇచ్చింది. నేల మీద కూర్చునే మేడంకు నేర్పింది. మూడు పొద్దులు ఆమె చేతుల్ని ఫోన్‌లో పట్టుకున్నారు. ముఖం రాకుండా, చేతులు మాత్రమే. ఆవులింత సంగతి చెబితే మేడం గడియారం చూసి నవ్వింది. "అంతదాకా ఎవరు ఆగుతారమ్మా?"

నాలుగో పొద్దున మా ఊరి పెండ్లిపిల్లే పార్లర్‌కు వచ్చింది. కళ్ల మీద తడి దూది పెట్టి పడుకోబెట్టారు. బీరవ్వ తలాపున నిలబడి ఉంది. మేడం పిడికిలి బిగించి, వేలి కణుపులతో చెంపలు ఒత్తడం మొదలుపెట్టింది. "గట్ల ఒత్తకు బిడ్డా, ఇంక ఆవులింత రాలే" అంది బీరవ్వ. మేడం ఆపలేదు. పిల్ల నొప్పి నొప్పి అంటూనే ఉంది. తువ్వాలు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. పొద్దు గుంకేసరికి ఆ పిల్ల చెంపలు వాచాయి, కళ్ల కింద నీలం తేలింది. తెల్లారితే పెండ్లి. తల్లి ఫోన్ చేస్తే మేడం ఏ తడబాటూ లేకుండా చెప్పింది: "మా చేతులు కావండీ. మీ ఊరి గొర్లామే ఒత్తింది." పిల్ల కూడా అదే నమ్మింది. "నా నెత్తికాడ అవ్వ గొంతే ఇనవడ్డది, ఏమన్నదో నొప్పికి తెల్వలే" అంది. ఒత్తవద్దని చెప్పిన మాటే ఆమె మీదికి సాక్ష్యమైంది.

ఆ తల్లి వాడలోకి వచ్చి నిలబడింది. "ముసల్దానా, నా బిడ్డ మొఖం గిట్ల చేస్తివి గదనే! గొర్లను పిసికినట్టు పిసుకుతవా?" జనం పోగయ్యారు. "నా చెయ్యి కాదు బిడ్డా. యాదమ్మ ఆడనే ఉండె, అడుగుండ్రి" అంది బీరవ్వ. అందరూ నా వైపు తిరిగారు. పని పోతే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందన్నదే నా బుర్రలో తిరుగుతోంది. "నాకెర్క లేదు. నేను గప్పుడు తువ్వాళ్లు ఉతుకుతున్న" అన్నాను. బీరవ్వ నన్ను తిట్టలేదు. గొంగడి భుజానికి సర్దుకుని గొర్ల దొడ్డిలోకి వెళ్లిపోయింది.

తర్వాత రెండేళ్లు ఏ పెండ్లిపిల్ల చాప మీదా ఆమెకు జాగా దొరకలేదు. నాకు మెల్లగా దవడ పట్టేసింది, జొన్నరొట్టె ముక్క పెట్టుకునేంత కూడా నోరు తెరుచుకోలేదు. దవాఖానకు పోతే గోలీలిచ్చారు. ఒకరోజు ఎదురరుగు మీది నుంచి అదే కేక: "ఓ యాదమ్మా, గిటు రా." వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టాను. ఎండ అరుగు దిగిపోయేదాకా నిమిరింది. ఆవులింత రాలేదు. దవడ కీలు మీద వేలు ఊరికే ఆనించి, "గీడ ఒక మాట ఇరుక్కున్నది. నేను ఒత్తితే రాదు" అంది. ఏడ్చాను. "మేడం చేతులే అవ్వా. నేను కండ్లార చూసిన" అన్నాను. "నాకు చెప్తవేందే? నాకు ఎర్కేనాయె. ఊరికి చెప్పు."

రేపు చెబుతానన్నాను. ఆ రేపటికి ఆమె మంద వెంట ఆత్మకూరు దిక్కు వెళ్లిపోయింది. పది రోజులు నాలో నేను కొట్టుకుని, చివరికి నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లందరి ముందు ఆ పెండ్లిపిల్ల తల్లికి చెప్పేశాను. ఆమె బిందె ఎత్తుకుంటూ, "అయిపోయినదానికి ఇప్పుడేంది యాదమ్మా" అంది. పక్కనున్నామె, "మేం గప్పుడే అనుకున్నం, అవ్వ గసొంటిది కాదని" అంది. అనుకున్నారట! అనుకుని నోరు మూసుకున్నారట, నాలాగే. ఆ వారంలోనే జ్వరంతో పోయిన బీరవ్వను ట్రాలీ ఆటోలో తెచ్చారు, గొంగట్లో చుట్టి. నేను ఊరికి చెప్పినట్టు ఆమెకు ఎవరూ చేరవేయలేదు. "బంగారమసొంటి చేతులు" అని అదే ఆడవాళ్లు గుండెలు బాదుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "రెండేండ్లు యాడ వెట్టిన్రు ఈ మాట? పొండ్రి ఈడికెల్లి!" అని అరిచాను. నా మీద ఎవరు అరవాలి? ఆ పని కూడా నేనే చేసుకుంటున్నాను, ఇప్పటిదాకా.

పార్లర్ పని ఆనాడే మానేశాను. ఇప్పుడు ఇంట్లోనే, చాప మీద ముఖాలు నిమురుతాను. ఎవరు వచ్చి కూర్చున్నా ముందు బీరవ్వ పేరు చెబుతాను, ఆమె మీద పడ్డ అబద్ధం చెబుతాను, నేను పలకని మాట చెబుతాను. ఆ తర్వాతే నూనె ముట్టుకుంటాను. "ఎన్నిమాట్ల చెప్తవత్తా" అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. విసుక్కోనీ.

పొద్దున ఆ పిల్లతో ఫోన్ మూయించి, ఇదంతా చెప్పాను. వేళ్ల వెనక నూనె రాసుకుని, గడ్డం నుంచి చెవి దాకా, పైకే నిమిరాను. వీధిలో కూరగాయల బండి వచ్చిపోయింది. ఆ పిల్ల కళ్లు మూతలు పడ్డాయి, దవడ వదులైంది, చిన్నపిల్లలా నోరు తెరిచి ఆవులించింది. నేను వేలు ఆపి నా ఆవులింత కోసం చూశాను, రోజూ చూసినట్టే. రాలేదు.