రేపల్లె వెళ్లింది మా అమ్మాయి, బాపట్ల వెళ్లింది నేను

మా అమ్మాయి పదమూడేళ్లకే తెనాలి నుంచి రేపల్లెకు ఒంటరిగా రైల్లో వెళ్లిందని, అదంతా ఇంటి చదువు మహిమేనని చర్చిలో సాక్ష్యం చెప్పింది నేనే. అది విన్నవాళ్లలో కొందరు మా పిల్లల్నీ బడి మాన్పించమంటారా అని ఇప్పటికీ సలహా అడుగుతున్నారు. వాళ్ల కోసం అసలు జరిగింది రాస్తున్నాను.

బడి బతుకు నేర్పదని అమ్మాయిని ఆరో తరగతిలో మాన్పించాను. నేనే నేర్పుతానన్నాను. రోజూ టిఫిన్ కాగానే బతుకు గురించి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మాట్లాడేవాణ్ని. మా ఆవిడ టీచరు. సెలవు రోజుల్లో కాసేపు విని, "ఏవండీ, ఇది పాఠమా, ప్రసంగమా? పిల్ల కునికిపాట్లు పడుతోంది" అనేది.

రెండేళ్లకు అమ్మాయి మళ్లీ స్కూలుకు వెళతానంది. "ముందు ఒక్కదానివే రేపల్లెలో అత్త ఇంటికి వెళ్లు, చూద్దాం" అన్నాను. వెళ్లలేకపోతే ఇంకా నేర్పాల్సింది ఉందనొచ్చు. వెళ్లగలిగితే ఇక స్కూలెందుకనొచ్చు. ఎటు తిరిగినా బడి లేకుండా చూసుకున్నానన్న మాట.

తీరా ఆ రోజు భయమేసింది. వాళ్లమ్మ ఫోను చేతికిచ్చి పంపి, నేనూ చాటుగా ఒక టిక్కెట్టు కొని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ప్లాట్‌ఫాం మీద ఓ మూల నిలబడ్డాను. అడ్డం పెట్టుకున్నాక నాకూ ఏమీ కనపడలేదు. బండి కదిలిన చప్పుడు కాగానే దగ్గరున్న పెట్టెలోకి ఎక్కేశాను. తెనాలిలో పుట్టి పెరిగినవాణ్ని, ఏ బండి ఎటు పోతుందో ఒకర్ని అడగడమా!

కాసేపటికి పక్కాయన్ని "వేమూరు దాటామా అన్నయ్యా?" అన్నాను.

"వేమూరేంటండి? నిడుబ్రోలు కూడా దాటేశాం. ఇది బాపట్ల పోద్దండి."

బాపట్లలో దిగుతుంటే ఫోను మోగింది. "డాడీ, రేపల్లె వచ్చేశా. అత్త స్టేషనుకొచ్చింది. నువ్వు ఇంట్లోనేనా?"

"ఇంట్లోనే అమ్మా."

సరిగ్గా అప్పుడే నా నెత్తిమీద మైకు బాపట్ల పేరు మూడు భాషల్లో చెప్పింది.

"మనింట్లో మైకు ఎప్పుడు పెట్టించావు డాడీ?"

మర్నాడు ఇంటికొచ్చి ఆ ముచ్చటే చెప్పి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "రైల్లో మా ఈడు అమ్మాయిలు కలిశారు డాడీ. ఏ స్కూలే అన్నారు. ఇంట్లోనే చదువుతా అన్నా. మరి నీ పక్కన ఎవరు కూచుంటారే అన్నారు."

అది విన్నాక కూడా ఆ ఆదివారం నేను లేచి సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ముందు వరసలో అమ్మాయి, బాపట్ల మాట వస్తుందేమోనని నా వంకే చూస్తూ కూర్చుంది. రాలేదు. ఆ మధ్యాహ్నం వాళ్లమ్మ వైపు తిరిగి అన్నం తింది. సాయంత్రం నేను దాని ఆరో తరగతి కాగితాలు వెతికి బయటకు తీశాను.

సోమవారం స్కూలుకు తీసుకెళ్లాను. "ఇన్నాళ్లూ ఎక్కడ చదివింది?" అని హెడ్‌మిస్ట్రెస్ అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఇంట్లోనండి" అంది అమ్మాయి, నా వైపు చూడకుండానే. "లెక్కలు సరిగా రావండి. మేడమ్, నన్ను ఒక్కదాన్నే కూచోబెట్టకండి."